బొమ్మ కారు ఎందుకు ఆగింది?



పోయిన టర్మ్‌లో నాలుగో తరగతి స్లిప్ టెస్టులో ఒక ప్రశ్న ఇచ్చాను: దొర్లుతున్న బంతి కాసేపటికి ఎందుకు ఆగిపోతుంది? ఒక బాబు 'ఫ్లోర్ స్టాప్డ్ ఇట్' అని రాశాడు. కీలో ఉన్న 'ఫ్రిక్షన్' అనే మాట లేదని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. ఫ్రిక్షన్ అని రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని మర్నాడు "అంటే ఏంటి?" అని అడిగితే చాలామంది నోరు విప్పలేదు. ఆ బాబు మాత్రం అరచేతిని బెంచీ మీద రుద్ది చూపించాడు. అతనికి మార్కు కలిపాను. అప్పటినుంచి ఈ పాఠాన్ని బోర్డు దగ్గర కాకుండా నేల మీదే మొదలుపెడుతున్నాను.

మీ ఇంట్లో కూడా ఈ పాఠం చెప్పొచ్చు. ఒక ఆదివారం అరగంట చాలు. ఖరీదైన రిమోట్ కారు అక్కర్లేదు. దాన్ని లోపలి మోటారు నడుపుతుంది కాబట్టి అసలు విషయం కనపడదు. చేత్తో తోసే మామూలు బొమ్మ కారే దీనికి మంచిది.

వాలు మీద కారు

పరీక్ష ప్యాడ్ ఒక చివర కింద మూడు నోట్‌బుక్కులు పెట్టండి. వాలు తయారైంది. పై అంచు దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ప్రతిసారీ కారుని ఆ గీత దగ్గరే పెట్టి, తోయకుండా వదలాలి. మొదట టైల్స్ మీదకి, తర్వాత చాప మీదకి, ఆ తర్వాత పరిచిన తువ్వాలు మీదకి వదలండి. ఎంత దూరం పోయిందో పిల్లలే జేనలతో కొలిచి రాయాలి. ఒక్కోదాని మీద మూడేసి సార్లు చేయించండి. మూడుసార్లూ ఒకే దూరం రాకపోవచ్చు. అది తప్పు కాదు, కొలతల్లో తేడాలు సహజమని వాళ్లకి తెలియడం కూడా పాఠమే.

వదిలే ముందు "ఎందాకా పోతుందనుకుంటున్నావు?" అని తప్పకుండా అడగండి. ముందే ఊహించి చెప్పిన పిల్లలు ఫలితాన్ని శ్రద్ధగా చూస్తారు.

ఆ తర్వాత అసలు ప్రశ్న: కారు ఎందుకు ఆగింది? ఎక్కువమంది పిల్లలు "బలం అయిపోయింది" అంటారు. కారులో బలం పెట్రోలులా నిండి ఉండి ఖర్చయిపోతుందని వాళ్ల ఊహ. పెద్దవాళ్లలోనూ చాలామంది ఇలాగే అనుకుంటారు. "తప్పు" అనకండి. "అదే ఎత్తు నుంచి వదిలాం కదా, తువ్వాలు మీద ఎందుకు తొందరగా ఆగింది?" అని అడిగి, కాసేపు మౌనంగా ఉండండి. ఆపుతున్నది కింద ఉన్న తువ్వాలేనని వాళ్లకే తడుతుంది.

చివరగా ఇంకొక్క ప్రశ్న: ఆపేది అసలు ఏదీ లేకపోతే? దాదాపు 400 ఏళ్ల క్రితం గెలీలియో వాలు పలకల మీద బంతులు దొర్లిస్తూ ఆలోచించింది దీని గురించే. కదిలే వస్తువుని ఏ బలమూ అడ్డుకోకపోతే అది అదే వేగంతో తిన్నగా పోతూనే ఉంటుందని 1687లో న్యూటన్ తన మొదటి నియమంగా రాశాడు.

దారం మీద బెలూన్

స్ట్రాలోంచి దారం దూర్చి, దారాన్ని రెండు కుర్చీల మధ్య బిగించండి. ఊదిన బెలూన్‌ని మూతి కట్టకుండా స్ట్రాకి టేపుతో అతికించి వదలండి. గాలి వెనక్కి పోతుంది, బెలూన్ ముందుకి దూసుకెళ్తుంది. బెలూన్ గాలిని వెనక్కి నెడితే, గాలి బెలూన్‌ని ముందుకి నెడుతుంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచేది కూడా ఈ సూత్రం మీదే. బయటి గాలిని తన్నుకుని పోవడం కాదు కాబట్టే, గాలి లేని అంతరిక్షంలో కూడా రాకెట్ పనిచేస్తుంది.

లక్క బొంగరం

ఇంట్లో ఏటికొప్పాక లక్క బొంగరం ఉంటే టైల్స్ మీద ఒకసారి, బట్ట మీద ఒకసారి తిప్పించండి. ఏది ముందు ఆగిందో, ఎందుకో అడగండి. కారు సంగతి గుర్తొచ్చి పిల్లలే జవాబు చెబితే ఆ రోజు పాఠం అందినట్టే.

ఒక జాగ్రత్త: ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే బెలూన్ ముక్కలు, చిన్న బొమ్మలు వాళ్ల నోటికి అందకుండా చూడండి.

ఇంగ్లీషులోనే చెప్పాలా?

పీటీఎంలో తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అవసరం లేదు. ఇంట్లో మీరు మాట్లాడుకునే తెలుగులోనే అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి. 'నేల ఆపింది' అని అర్థమైన పిల్లలకి ఫ్రిక్షన్ అనే మాట నేర్పడానికి నాకు ఐదు నిమిషాలు చాలు. అర్థం కాకుండా బట్టీపట్టిన మాటని అర్థమయ్యేలా చేయడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది.

పిల్లలు రాసిన కొలతల కాగితం సోమవారం పంపించండి. స్పెల్లింగులు దిద్దకండి, జవాబులు మార్చకండి. తప్పు జవాబు కూడా నాకు కావాలి. క్లాసులో ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టే తెలుస్తుంది. ఈసారి ఎర్ర పెన్ను తీసే ముందు నేనూ కాస్త ఆగుతాను.

మీ పిల్లల సైన్స్ టీచర్