రసమట్టానికీ ఒక ఒర కావాలి

మన హాస్టల్లో చదివి ఐటిఐ కార్పెంటర్ ట్రేడులో చేరిన తమ్ముళ్ల కోసం ఈ పాఠం. ఉలి మొద్దుబారితే చెక్క తెగదు, వెంటనే తెలుస్తుంది. రసమట్టం, అంటే స్పిరిట్ లెవెల్, అలా కాదు. పాడైన తర్వాత కూడా బుడగ మామూలుగానే కదులుతుంది, కాని తప్పు చెబుతుంది. మీటరుకు 2 మిల్లీమీటర్ల తేడా ఉన్న మట్టంతో 7 అడుగుల దర్వాజా నిలబెడితే పైకి వెళ్లేసరికి 4 మిల్లీమీటర్లకు పైగా ఒరుగుతుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. దాన్ని ఊడదీసి మళ్లీ నిలబెట్టాలంటే ఒకరోజు కూలి పోయినట్టే.

మట్టం గొట్టం పైభాగం కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. లోపలి ద్రవంలో బుడగ ఎప్పుడూ ఎత్తైన చోటికి చేరుతుంది. 1661 ప్రాంతంలో తెవెనో అనే ఫ్రెంచి పండితుడు దీన్ని కనిపెట్టాడు. మే నెల ఎండలో ద్రవం వ్యాకోచించి బుడగ చిన్నదవుతుంది. అది లోపం కాదు, రెండు కొనలూ సమానంగానే తగ్గుతాయి.

ఒర గాజు పగలకుండా ఉండడానికేనని చాలామంది అనుకుంటారు. అంతకంటే ముఖ్యమైనది మట్టం అంచు. సుత్తితో పాటు గోనెసంచిలో వేస్తే అంచు సొట్టపోతుంది, గొట్టం బిగింపు కదులుతుంది.

దుకాణంలో జిప్పు సంచి దొరుకుతుంది. చేతిలో డబ్బు లేనివారు 2 అడుగుల మట్టానికి 75 మిల్లీమీటర్ల పివిసి పైపు ముక్క తీసుకోండి. మట్టం కంటే రెండంగుళాలు పొడవుండాలి. ఒక కొనకు మూత అతికించి, రెండో మూత తీసిపెట్టేలా ఉంచండి. రెండు కొనల్లో సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి, మట్టానికి పాత జీన్సు ప్యాంటు కాలు తొడగండి. లోపల మట్టం గలగలలాడితే ఒర వల్ల లాభం లేదు.

అడవి పక్కనే ఉన్నాం, వెదురు బొంగు చాలదా అనవచ్చు. మన సాధనపు వెదురు చాలావరకు గట్టిగానే ఉంటుంది, లోపల బోలు తక్కువ. నిచ్చెనకు మంచిది, ఒరకు కాదు. ముళ్ల వెదురు బోలుగా ఉన్నా కణుపులు అడ్డం వస్తాయి. 9 అంగుళాల చిన్న మట్టానికైతే ప్రయత్నించవచ్చు.

చర్ల, దుమ్ముగూడెం వైపు, లేదా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపు వానాకాలంలో పనికి వెళ్లేవారికి ఒక జాగ్రత్త. తడిసిన మట్టాన్ని ఒరలో పెట్టి మూయవద్దు. చెక్క మట్టమైతే ఉబ్బి వంకరపోతుంది, ఇనుపదైతే తుప్పు పడుతుంది. తుడిచి, గుడ్డను వేరుగా ఆరబెట్టండి. ఎండాకాలం ఒరను బస్సు టాపు మీద వేయవద్దు.

పరీక్ష సులభం. బల్ల మీద మట్టం పెట్టి చుట్టూ పెన్సిలు గీత గీయండి. బుడగ ఎటు, ఎంత జరిగిందో చూడండి. అదే గీతలో కొనలు తారుమారు చేసి పెట్టండి. బుడగ మళ్లీ బల్ల అదే వైపుకు, అంతే దూరం జరిగితే మట్టం మంచిది. వేరే వైపుకు పోతే మట్టంలోనే తేడా. పరీక్షించిన తేదీని మూత లోపల కాగితం అంటించి రాసుకోండి. కింద పడిన ప్రతిసారీ, కొత్త పనికి బయలుదేరే ముందూ మళ్లీ చూడండి.