సైకిలు ప్రయాణం – వీపు సంచి

బరువు మోయడం మనిషికి ఎంత పాతదో, ఆ బరువును శరీరానికి కష్టం కలగకుండా మోసే ఉపాయం వెదకడం కూడా అంత పాతదే. నెత్తిన గంప పెట్టుకొనే స్త్రీ ముందుగా గుడ్డతో చుట్టకుదురు చేసి తలపై ఉంచుకొంటుంది. గంప అడుగు తలలో గుచ్చుకోకుండా, బరువు ఒక్కచోటనే పడకుండా అది కాపాడుతుంది. కావడి మోసేవాడు రెండు వైపులా బరువును సమంగా తూచి వేసుకొంటాడు. బండ్లు వెళ్ళలేని దారులలో ధాన్యాన్ని ఎద్దులపై వేసి తరలించిన రోజులలో, వాటి వీపున ఇరువైపులా వేలాడే గోనెలను పెరికలు అనేవారు. పశువు వీపుపై ఎత్తుగా పేర్చిన బరువు ఒరిగిపోతుందనీ, పక్కలకు దించిన బరువు నిలకడగా ఉంటుందనీ ఆనాటి వారికి బాగా తెలుసు. ఈ మూడు పనిముట్లలో దాగి ఉన్న సూత్రాలు నేడు సైకిలుపై కళాశాలకు వెళ్ళే విద్యార్థి వీపు సంచికి కూడా అక్షరాలా వర్తిస్తాయి.

సంచి ఎన్నుకొనేటప్పుడు చాలామంది రంగును, అరల సంఖ్యను, పైన ముద్రించిన పేరును చూస్తారు. నడకకు వాడే సంచి సైకిలుకూ సరిపోతుందని భావిస్తారు. ఆ భావన సరికాదు. నడిచే మనిషి వెన్ను దాదాపు నిటారుగా ఉంటుంది. అతని భుజాలపై పడిన బరువు వెన్ను ద్వారా నడుముకు, అక్కడి నుండి కాళ్ళకు చేరుతుంది. సైకిలు తొక్కేవాని శరీరం ముందుకు వంగి ఉంటుంది. చేతులు చాచి హ్యాండిల్‌ను పట్టుకొని ఉంటాయి. అందువల్ల వీపుపై ఉన్న బరువులో కొంత అరచేతులపైకి, మణికట్లపైకి, మిగిలినది సీటుపై ఆనిన భాగంపైకి దిగుతుంది. తల ఎత్తి దారి చూడవలసి ఉండటం వలన మెడ కండరాలు బిగుసుకొంటాయి. నాలుగైదు కిలోమీటర్లు తొక్కిన తరువాత అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం వంటి బాధలకు సైకిలునే తప్పుపట్టడం పరిపాటి. వాస్తవానికి అనేక సందర్భాలలో అపరాధి వీపున ఉంటుంది.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. రెండు చక్రాలపై నిలిచే వాహనానికి నిలకడే ప్రాణం. బరువు ఎంత ఎత్తున ఉంటే నిలకడ అంతగా తగ్గుతుంది. సీటు నుండి లేచి ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, గుంతను తప్పించేటప్పుడు శరీరం ఒక పక్కకు వాలుతుంది. బిగుతుగా లేని సంచి ఒక క్షణం ఆలస్యంగా అదే పక్కకు జారి, అప్పటికే వాలిన శరీరాన్ని మరికొంత లాగుతుంది. వెనుక నుండి బస్సో లారీయో వస్తున్న వేళ ఆ ఒక్క క్షణం చాలు. ఒంటి భుజానికి సంచి తగిలించుకొని తొక్కడం మరింత ప్రమాదకరం. బ్రేకు వేయగానే అది జారి ముంజేతి మీదికి వచ్చిపడుతుంది. హ్యాండిల్‌కు సంచి వేలాడదీయడం అన్నిటికంటె చెడ్డ అలవాటు. అది ఊగి ముందు చక్రపు చువ్వలలో చిక్కుకొంటే చక్రం హఠాత్తుగా ఆగిపోతుంది, తొక్కేవాడు హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు.

ఎంత బరువు మోయవచ్చునన్నది మొదటి ప్రశ్న. మన దేశంలో ఈ ప్రశ్నకు కొంత చరిత్ర ఉన్నది. సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యునిగా ఉన్నప్పుడు, 1989లో చేసిన ప్రసంగంలో, పుస్తకాల సంచుల భారంతో వంగిపోతున్న పసివారి స్థితిని సభ దృష్టికి తెచ్చారు. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో చదువు భారాన్ని గురించి నివేదిక సమర్పించింది. 2020లో వెలువడిన జాతీయ పాఠశాల సంచి విధానం, సంచి బరువు విద్యార్థి శరీరపు బరువులో పదోవంతుకు మించరాదని సూచించింది. పదకొండు, పన్నెండు తరగతుల వారికి 3.5 కిలోల నుండి 5 కిలోల వరకు తగునని పేర్కొన్నది. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈ కోవలోని వారే. అంటే 45 కిలోల బరువున్న విద్యార్థిని సంచి, ఖాళీ సంచి బరువుతో సహా, నాలుగున్నర కిలోలు దాటకూడదు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయస్సులో ఈ హద్దును తేలికగా తీసుకోరాదు.

ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. నీళ్ళ సీసాను సైకిలు చట్రానికి బిగించే చిన్న తీగ పంజరంలో ఉంచితే, సంచిలో ఏ పుస్తకమూ తీయకుండానే వీపు బరువు ఒక కిలో తగ్గుతుంది. సంచి తానే కిలోకు మించి తూగుతున్నదంటే, అనుమతించిన బరువులో దాదాపు నాలుగో వంతును అది ఖాళీగా ఉన్నప్పుడే తినివేసినట్లు. కావున ఖాళీ సంచి తేలికగా ఉండటం తొలి లక్షణం. పుస్తకాలకు, అన్నం డబ్బాకు 20 లీటర్ల పరిమాణం గల సంచి చాలు. పెద్ద సంచి కొంటే ఖాళీ ఉన్నది కదా అని ఏదో ఒకటి అందులో చేరుతూనే ఉంటుంది.

ఇక భుజాల పట్టీలు. ఇవి కనీసం మూడు వేళ్ళ వెడల్పుతో, లోపల మెత్తతో ఉండాలి. అదే బరువు సన్నని పట్టీపై పడితే తాడులా కోస్తుంది, వెడల్పాటి పట్టీపై పడితే పరచుకొంటుంది. చుట్టకుదురు చేసే పని ఇదే. సైకిలు తొక్కేటప్పుడు చేతులు ముందుకు చాచి ఉండటం వలన పట్టీలు భుజాల అంచులకు జారిపోతుంటాయి. రెంటినీ రొమ్ము మీద కలిపి ఉంచే అడ్డపట్టీ ఈ జారుడును ఆపుతుంది. నడిచేవానికి ఇది ఉన్నా లేకున్నా ఒకటే కావచ్చును గాని, సైకిలువానికి ఇది తప్పనిసరి. నడుము పట్టీ సంగతి వేరు. కొండలెక్కేవారి సంచులలో అది దళసరిగా ఉండి, బరువును భుజాల నుండి తుంటికి దించుతుంది. సైకిలుపై ముందుకు వంగి కూర్చొన్నవాని కడుపులో అదే పట్టీ గుచ్చుకొంటుంది. ఇక్కడ దాని పని బరువు మోయడం కాదు, ఊగకుండా పట్టి ఉంచడం. అందుకు సన్నని పట్టీ సరిపోతుంది. దానిని మరీ బిగించనవసరం లేదు.

సంచి పొడవు విషయంలో అంగడివారు చెప్పే మాట కంటె ఒంటి కొలతే ప్రమాణం. పై అంచు మెడ వద్ద ఆగాలి. అంతకు మించితే, వంగి తల ఎత్తినప్పుడు హెల్మెట్ వెనుక భాగం సంచికి తగిలి, హెల్మెట్ కళ్ళ మీదికి జారుతుంది. అడుగు భాగం నడుము వద్ద ఆగాలి. అంతకు దిగితే సీటుకు ఒరుసుకొంటుంది. వెడల్పు భుజాలను దాటరాదు. మన రోడ్లపై ఎడమవైపున ప్రయాణిస్తాము కనుక దాటివెళ్ళే వాహనాలు కుడివైపు వెనుక నుండి వస్తాయి. కుడి భుజం మీదుగా వెనుకకు చూడటానికి అడ్డుపడే సంచి, ఎంత ఖరీదైనదైనా, సైకిలుకు పనికిరాదు.

వీపు చెమట మరొక సమస్య. కొన్ని సంచులలో వీపుకు ఆనే వైపు వలవంటి బట్టను బిగించి కట్టి, సంచిని శరీరానికి కొంత ఎడంగా ఉంచుతారు. గాలి బాగా ఆడుతుంది. అయితే ఎంత ఎడమైతే బరువు అంత వెనుకకు పోయి భుజాలను లాగుతుంది. నాలుగు కిలోల బరువుకు ఇంత ఏర్పాటు అవసరం లేదు. ఇరుపక్కలా మెత్తలు, నడుమ గాలి పోవడానికి ఒక కాలువ వంటి ఖాళీ ఉంటే చాలు. రోహిణి కార్తెలో చెమట పట్టనీయని సంచి ఇంతవరకు ఎవరూ కుట్టలేదు.

కొనడానికి ముందు అంగడిలోనే ఒక పరీక్ష చేయవచ్చు. సంచిలో నాలుగు కిలోల వస్తువులేవైనా వేయించి, వీపున తగిలించుకొని, పట్టీలు బిగించి, సైకిలుపై ఉన్నట్లే వంగి చేతులు చాచాలి. తల పైకెత్తి చూడాలి. కుడివైపు వెనుకకు తిరిగి చూడాలి. ఒకటి రెండుసార్లు పక్కలకు ఊగాలి. సంచి శరీరంతో పాటు కదిలితే తీసుకోవచ్చు, శరీరం వెనుక కదిలితే వదలివేయాలి. చూసేవారు నవ్వవచ్చు. ఆ నవ్వు వలన వచ్చే నష్టమేమీ లేదు.

సర్దడంలోనూ నేర్పు ఉన్నది. బరువైన పుస్తకాలు వీపుకు ఆనుకొని ఉండాలి. నడిచేవారు బరువును కొంత పైభాగాన ఉంచుకొనడం మేలంటారు. సైకిలువారు మాత్రం దానిని కిందికే ఉంచాలి. తాళాలు, జ్యామితి పెట్టె వంటి మొనదేలిన వస్తువులు వెన్ను వైపు ఉండరాదు. కింద పడితే వెన్నులో గుచ్చుకొనేవి అవే. పట్టీల చివరలు వేలాడుతుంటే ముడివేయాలి.

నాలుగైదు కిలోలకు మించిన బరువు తీసుకొని వెళ్ళవలసి వస్తే ఏ సంచి మంచిదని ఆలోచించడం వృథా. అప్పుడు బరువును వీపు నుండి దించి సైకిలుకు అప్పగించాలి. పాలు పోసేవారు క్యానులను భుజాన మోయక, వెనుక చక్రానికి ఇరువైపులా దిగువగా వేలాడదీస్తారు. 1954లో వియత్నాంలోని దియన్ బియన్ ఫూ యుద్ధకాలంలో వేలాది మంది సామాన్యులు సైకిళ్ళకు వెదురు కర్రలు కట్టి, ఒక్కొక్క దానిపై రెండు వందల కిలోల వరకు బియ్యం, సామగ్రి వేసి, పక్కన నడుస్తూ కొండదారులలో తోసుకొని వెళ్ళారు. మనిషి వీపు మోయలేని బరువును చక్రం మోసింది. నేడు సైకిలు క్యారియర్‌కు ఇరువైపులా తగిలించే జంట సంచులు దొరుకుతున్నాయి. ఇవి ఎద్దు వీపు నుండి సైకిలుకు దిగివచ్చిన పెరికలే. వీటిని ఎన్నుకొనేటప్పుడు పెడలు తొక్కే మడమ సంచికి తగలకుండా చూసుకోవాలి, రెండు వైపులా బరువు సమంగా ఉంచాలి. ముందున్న బుట్టలో బరువు వేస్తే హ్యాండిల్ తిప్పడం కష్టమవుతుంది. అన్నం డబ్బా వంటి తేలిక వస్తువులకే దానిని కేటాయించాలి.

జంట సంచులు కొనలేని వారు వీపు సంచినే క్యారియర్‌పై పడుకోబెట్టి, పాత ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీతో కట్టుకోవచ్చు. సైకిలు మరమ్మతు చేసే ఏ దుకాణంలోనైనా ఇది దాదాపు ఉచితంగా దొరుకుతుంది. కట్టిన తరువాత సంచి పట్టీలను దాని అడుగుకు మడచి, చక్రం వైపు ఏదీ వేలాడకుండా చూడాలి. వర్షాకాలంలో పుస్తకాలను ముందు ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ తరువాతనే సంచిలో పెట్టాలి. సాయంత్రం తరగతులు ముగించుకొని చీకటిలో ఇల్లు చేరేవారి సంచి వెనుక, దీపపు వెలుగు పడగానే మెరిసే పట్టీ ఒకటి కుట్టించాలి. సంచి క్యారియర్‌పై పడుకొని ఉన్నప్పుడు ఆ పట్టీ ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. కనుక మడ్‌గార్డుపైన కూడా అటువంటిదే మరొకటి అంటించుకోవాలి.