రక్తం చెయ్యమని ఎవరు చెప్తారు?

ఈ వారం గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు. పాఠానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

ప్రతి సోమవారం అన్నం తిన్నాక మనకి నీలం మాత్ర ఇస్తారు కదా. వికారంగా ఉంటుందని చాలా వారాలు నేను దాన్ని బుగ్గలో దాచుకుని కుళాయి దగ్గర ఊసేశాను. మా వరసలో కూర్చునే ఒక స్నేహితురాలైతే అసలు మాత్ర తీసుకునేదే కాదు. ఆటలకీ రాదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మేమంతా ఆమెని బద్ధకస్తురాలని ఏడిపించాం. పైగా మాత్ర వేసుకోవడం లేదని మేడమ్ గారికి చాడీ చెప్పింది కూడా నేనే. తీరా చూస్తే ఆమెకి సికిల్ సెల్ జబ్బు. రెండుసార్లు రక్తం ఎక్కించారు. ఆ మాత్ర వద్దని డాక్టరు గారే చెప్పారట. (ఇది ఆమెని అడిగే రాస్తున్నాను. పేరు మాత్రం రాయొద్దంది.)

రక్తపరీక్ష చేస్తే హీమోగ్లోబిన్ నాకు 9, ఆమెకి 8 వచ్చింది. మన వయసు ఆడపిల్లలకి 12కి తగ్గకూడదు. ఇద్దరికీ రక్తం తక్కువే. మరి ఒకరికి మందైన మాత్ర ఇంకొకరికి ఎందుకు వద్దు? సైన్సు టీచరు గారు మన వంటశాలనే ఉదాహరణగా తీసుకుని చెప్పారు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

చీటీ రాసేది ఎవరు?

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాతవి పోతుంటే కొత్తవి రావాలి. పెద్దవాళ్ళ ఒంట్లో సెకనుకి దాదాపు 20 లక్షల కొత్త కణాలు తయారవుతాయి. ఇవి తయారయ్యేది గుండెలో కాదు, ఎముకల్లోని మూలుగలో. అంటే మూలుగే మన వంటశాల.

ఎంత వండాలో వంటశాల తనంతట తాను నిర్ణయించుకోదు. మన హాస్టల్లో పిల్లల్ని లెక్కపెట్టి ఇండెంటు చీటీ పంపినట్టే, ఒంట్లో ఆ పని మూత్రపిండాలు చేస్తాయి. ప్రాణవాయువు తగ్గిందని తెలియగానే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనుని రక్తంలోకి వదులుతాయి. అదే చీటీ. గోల్డ్‌వాసర్, మియాకే అనే శాస్త్రవేత్తలు 2,550 లీటర్ల మూత్రం వడకట్టి దాన్ని శుద్ధి చేసి 1977లో ప్రకటించారు. మూత్రపిండాలు చెడిపోయిన వాళ్ళకి రక్తం తగ్గిపోయేది చాలావరకు ఈ చీటీ రాసేవాళ్ళు లేకనే. అందుకే డయాలసిస్ రోగుల్లో చాలామందికి ఈ హార్మోనుని ఇంజెక్షనుగా ఇస్తారు.

ముద్ర వేసే ఎంజైము

చీటీ వంటశాల లోపలికి రాదు. కిటికీ దగ్గరే ఆగిపోతుంది. ఆ కిటికీని గ్రాహకం అంటారు. కిటికీ లోపలివైపు ఒక ఎంజైము కూర్చుని ఉంటుంది. దాని పేరు జాక్-2. చీటీ తగలగానే అది లేచి ఫాస్ఫేటు అనే ముద్ర వేస్తుంది. ఇలా ఫాస్ఫేటు ముద్ర వేసే ఎంజైములను కైనేజులు అంటారు. ముద్ర పడిన స్టాట్-5 అనే ప్రోటీను కణం కేంద్రకంలోకి పరుగెత్తి "చనిపోవద్దు, పెరగండి" అనే జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ కబురు అందకపోతే, ఎర్ర కణాలు కావలసిన పిల్లకణాలు సగంలోనే చచ్చిపోతాయి. జాక్-2 లేకుండా చేసిన ఎలుకపిల్లలు రక్తం తయారుకాక తల్లి కడుపులోనే చనిపోయాయని 1998లో తేలింది.

జానస్ అనే రోమన్ల దేవుడికి రెండు ముఖాలు. ఈ ఎంజైములోనూ ఒకేలా కనిపించే రెండు భాగాలున్నాయి కాబట్టి ఆయన పేరు పెట్టారు. ఒక భాగం ముద్ర వేస్తుంది, రెండోది "ఆగు ఆగు" అని అదుపు చేస్తుంది. అదుపు చేసే భాగంలో 617వ అమైనో ఆమ్లం మారిపోతే చీటీ లేకపోయినా ముద్రలు పడుతూనే ఉంటాయి. ఎర్ర కణాలు మితిమీరి రక్తం చిక్కబడి గడ్డలు కడుతుంది. ఈ సంగతి 2005లో కనిపెట్టారు. దీన్ని అదుపు చేసే మందులూ వచ్చాయి. కాబట్టి ముద్ర తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే.

ఇక మా ఇద్దరి సంగతి

నా ఒంట్లో చీటీలు వస్తున్నాయి. జాక్-2 ముద్రలు వేస్తోంది. కానీ కొట్టులో బియ్యం లేవు! ఆ బియ్యమే ఇనుము. ఒక్క హీమోగ్లోబిన్ అణువుకి 4 ఇనుము పరమాణువులు కావాలి. నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నేను కుళాయి దగ్గర ఊసేసింది ఆ బియ్యాన్నే.

నా స్నేహితురాలికి చీటీలూ వస్తున్నాయి, వంటా జరుగుతోంది. నిజానికి ఆమె మూలుగ నా మూలుగ కంటే ఎక్కువ కష్టపడుతోంది. కానీ హీమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా వల్ల కణాలు కొడవలిలా వంగి, 10-20 రోజులకే విరిగిపోతున్నాయి. ఎక్కించిన ఒక్కో సంచి రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. అందుకే ఆమెకి ఇంకా ఇనుము వద్దన్నారు. కొత్త కణాల కోసం రోజూ ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇచ్చారు. పగలూ రాత్రీ అంత పని జరిగే ఒంటిని మేం బద్ధకం అన్నాం. చెల్లీ, నన్ను క్షమించు.

గుర్తుంచుకోండి

1. నీలం మాత్ర అన్నం తిన్నాకే మింగండి. మాత్రతోపాటు టీ తాగొద్దు. నిమ్మకాయ, ఉసిరికాయ ఇనుము ఒంటపట్టడానికి మంచివి. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు.
2. ఎవరైనా మాత్ర వేసుకోకపోతే ముందు వాళ్ళనే కారణం అడగండి. చాడీ తర్వాత సంగతి.
3. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు నీళ్ళు బాగా తాగాలి, చలిలో తడవకూడదు. వార్డెన్ మేడమ్ గారూ, రాత్రిపూట తాగునీళ్ళ బిందె మా గదిలోనే పెట్టించమని మనవి.

ప్రశ్నలు: చీటీ రాసే అవయవం ఏది? ముద్ర వేసే ఎంజైము పేరేమిటి? బియ్యం అంటే ఏమిటి? జవాబులు పాఠంలోనే ఉన్నాయి, చూడకుండా చెప్పండి.

పోయిన సోమవారం నేను మాత్ర మింగాను. నోరు తెరిచి ముందు ఆమెకే చూపించాను.

— పదవ తరగతి విద్యార్థిని