రక్తపు పోటు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

కాలువగట్టు తెగుటకు ముందు ఎవరికిని చెప్పదు. నీటి ఒత్తిడి గట్టును లోలోపల మెత్తపరచుచుండును. పైన పచ్చగడ్డి మొలచియే యుండును. మన దేహములోని రక్తనాళముల సంగతియు నిట్టిదే. గుండె నెట్టు రక్తము నాళముల గోడలపై కలిగించు ఒత్తిడినే రక్తపు పోటు అందురు. అది హద్దుమీరి యేండ్ల తరబడి నిలిచినచో గుండె, మెదడు, మూత్రపిండములు, కన్నులు చెడును. పక్షవాతమునకు ఇదియే ముఖ్యకారణము. అప్పు తీర్చవలసిన చేయి పడిపోయినచో ఆ సంసారపు గతి యేమో సంఘ సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు.

“నాకు తలనొప్పి లేదు, కన్ను తిరుగుట లేదు, నాకు పోటెక్కడిది?” అను మాట గ్రామములలో మేము తరచుగా వినుచున్నాము. ఇది ప్రమాదకరమైన నమ్మకము. పెక్కుమందిలో ఈ వ్యాధి యే గురుతును చూపదు. కొలిచి చూచుటకంటె వేరు మార్గము లేదు.

కొలుచు విధము: కొలిచినవారు రెండంకెలు చెప్పుదురు. పై అంకె గుండె ముడుచుకొనునప్పటి ఒత్తిడి. క్రింది అంకె సడలునప్పటిది. 120/80కి లోబడియుండుట మేలు. వేరువేరు దినములలో కొలిచినను పై అంకె 140గాని, క్రింది అంకె 90గాని, అంతకు మించిగాని యున్నచో వ్యాధి కలదని వైద్యులు నిర్ణయింతురు. కొలుచుటకు ముందు అరగంటసేపు చుట్ట, కాఫీ, టీ ముట్టరాదు. పొలమునుండి వచ్చినవెంటనే గాక, అయిదు నిమిషములు వీపు ఆనించి కూర్చున్న పిమ్మట కొలిపించుకొనవలెను.

ఉప్పు: దినమునకు 5 గ్రాములకు లోపు, అనగా ఒక టీ చెంచాకు మించని ఉప్పు పెద్దలకు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. మనకు కూరలోని ఉప్పు చాలక ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడములు, ఎండుచేపలు తోడగును. “చెమటతో ఉప్పు పోవుచున్నది గదా” యని కొందరందురు. నిజమే, కాని ఆ లోటు తీర్చుటకు సాధారణముగా భోజనములోని ఉప్పే చాలును. పనివేళ ముఖ్యముగా వలసినది నీరు. సైంధవలవణమును ఉప్పే యని మరువరాదు. పొగాకు, సారాయి మానవలెను. కోతలనాడు నడుమునొప్పికై అంగడిలో కొను బిళ్ళలలో కొన్ని పోటును పెంచును గావున వైద్యు నడుగక వాడరాదు.

మందు: అంకె దిగినంతనే రోగము పోయెనని మందు మానువారు కలరు. తూము తెరచియుండుటచేతనే నీరు తగ్గినది. మూసినచో మరల పెరుగును. వైద్యుడు చెప్పనిదే ఒక్కదినమైనను మానరాదు.

మూతి వంకరపోయినను, ఒక చేయి చచ్చుబడినను, మాట తడబడినను క్షణమైన ఆలసింపక 108కి ఫోను చేయవలెను.

ముప్పది యేండ్లు నిండిన ప్రతి సభ్యుడును, ఇంటి స్త్రీలును ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునకు పోయి కొలిపించుకొందురు గాక. సంఘ కార్యదర్శులు సర్వసభ్య సమావేశపు దినమున ఆరోగ్య కార్యకర్తను పిలిపించినచో ఒక్కపూటలో ఊరంతయు తెలిసికొనవచ్చును.