బస్తరు స్త్రీల జలసంప్రదాయము: మాట, పాట

ఇంద్రావతి కలహండి కొండలలో పుట్టి, బస్తరు సీమను దాటి గోదావరిలో కలియుచున్నది. దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమమున దంతేశ్వరి ఆలయము కలదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు ఈ సీమకు వచ్చి రాజ్యము స్థాపించెనని సంప్రదాయము చెప్పును. అందుచే తెలుగు పరిశోధకులు బస్తరును రాజవంశ చరిత్ర ద్వారముననే చూచుట పరిపాటి యైనది. కాని ఈ సీమకును తెలుగునకును అంతకంటె ప్రాచీనమైన బంధుత్వ మొకటి కలదు. అది నీటికి సంబంధించినది. రాజశాసనములలో గాక, అనుదినము నీరు తెచ్చు స్త్రీల మాటలలో, పాటలలో దానిని వెదకవలెను.

ముందుగా మాటను విచారింతము. తెలుగున ‘నీరు’ జలవాచకము, ‘ఏఱు’ ప్రవాహవాచకము. తమిళమున ‘యాఱు’, ‘ఆఱు’ అను రూపములును నదినే తెలుపును. గోండిలో ‘ఏర్’, కోయలో ‘ఏరు’ అనగా నది కాదు, త్రాగెడు నీరు. బస్తరునందే నివసించు ధుర్వుల పర్జీ భాషలో నీటికి ‘నీర్’ అనియే పేరు. ఈ భాషను గూర్చి బరో, భట్టాచార్యులు రచించిన గ్రంథము 1953లో వెలువడినది. తెలుగువారు రెండర్థములకు వాడుకొను రెండు పదములలో ఒకదానిని గోండులు, ఒకదానిని ధుర్వులు కడవలోని నీటికి నిలుపుకొన్నారన్నమాట. కోయ ఇల్లాలు ‘ఏరు’ తెచ్చితినన్నచో, నదినే బిందె కెత్తినట్లు తెలుగు చెవికి తోచును. దీనినుండి ఆదివాసుల తత్త్వమేదో పిండుట సాహసము. అర్థపరిణామము మాత్రమే ఇచ్చట నిశ్చితము. అయినను ఇట్టి పదములు లిపి యూతలేక, తల్లినుండి బిడ్డకు నోటిమాటగా నేటివఱకు వచ్చినవని మఱువరాదు.

ఇక పాట. బస్తరులో పలు జాతులవారు పరస్పర వ్యవహారమునకు వాడునది హల్బీ. ఇది ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. ఇందు ‘జగార్’ అను దీర్ఘ కథాగేయములు కలవు. వీనిని పాడువారు స్త్రీలు. వారిని గురుమాయి అందురు. వారి వాద్యము ధన్‌కుల్. కుండ మూతిపై చేటనుంచి, చేటపై విల్లు నానించి, గాట్లుగల ఆ వింటిని ఒక చేత వెదురుపుల్లతో రాయుచు, వేఱొక చేత నారిని మీటుదురు. నీటికుండయు, ధాన్యపు చేటయు ఇంటి పరికరములే. ఇల్లాలి పనిముట్లే ఇచ్చట కథకురాలి వాద్యమైనవి.

ఈ గేయములలో లచ్మీ జగార్ ముఖ్యమైనది. ఇందలి నాయిక మహాలఖి, మేఘరాజు కూతురు. ఆమెను నారాయణుడు వివాహమాడును. అతనికి అంతకుముందే 21 మంది భార్యలు కలరు. సవతుల మత్సరముచే ఆమె కష్టముల పాలగును. మహాలఖియే వరిలక్ష్మి. వానకు వరి కూతురగుట ఇందలి మూలభావము. నీరు లేక పంట లేదను సంగతిని ఈ స్త్రీలు సూత్రముగా చెప్పలేదు; పుట్టినింటికిని మెట్టినింటికిని గల బంధముగా చెప్పిరి. అత్తవారింట అగచాట్లు పడు కోడలి కథగా వినువారికి పంట కథయు దానితోనే మనస్సున నాటుకొనును.

ఈ గేయము 2003లో కొండగావ్‌నుండి గ్రంథరూపమున వెలువడినది. హరిహర్ వైష్ణవ్, మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్ గ్రెగరీ దానికి పరిష్కర్తలు. అందు గమనింపదగిన విశేషము, గురుమాయి సుక్‌దాయి పేరు గ్రంథనామములోనే చేరియుండుట. జానపద సంకలనములలో సేకరించినవారి పేరు నిలిచి, పాడినవారి పేరు లోపించుట తఱచు. పాటను తిరిగి దక్కించుకొనుట యనగా, దానిని పాడినవారికి దానిపై గల అధికారమును అంగీకరించుట కూడ.

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. దూరమునుండి నీరు మోయుట కవితావస్తువు కాదు, కాయక్లేశము. ఇంటిముంగిట కుళాయి వచ్చినచో సంప్రదాయము చెడునని విచారించుట, మెడ నొవ్వనివారి విచారము. నిజమైన నష్టము వేఱుచోట నున్నది. బైలాడిలా కొండలలో 1968నుండి ఇనుపరాతి గనులు త్రవ్వబడుచున్నవి. ఆ మట్టి దిగి శంఖిని నీరు ఎఱ్ఱబాఱినదని తీరగ్రామములవారి మొఱ. నీరు త్రాగరానిదైనప్పుడు ‘ఏర్’ అను మాట బ్రతికియు, దాని యర్థము నశించును.

కనుక నీటిని, మాటను, పాటను వేర్వేఱుగా రక్షింప వీలులేదు. తెలుగు శాఖలకు ఈ పని పరాయిది కాదు. గోదావరి ఇరుదరుల నున్న కోయ, దోర్ల స్త్రీల నోట నీటిపేర్లు, వాగుల పేర్లు, పెండ్లిపాటలు సేకరింపవలసియున్నవి. ప్రతి మాటకు ప్రక్కన అది ఏ యూరిదో వ్రాయవలెను. చెప్పినవారు సమ్మతించినచో వారి పేరును వ్రాయవలెను. పదమును తీసికొని, పలికినవారిని విడుచు నిఘంటువు అసంపూర్ణము.