పెద్దాసుపత్రికి చీటీ రాశారంటే...

ఈ నెల పాఠం పుట్టుమచ్చల గురించి. ‘పుట్టుమచ్చకు కూడా పాఠమా?’ అని కొందరు నవ్వుకోవచ్చు. దయచేసి చివరి వరకు చదవండి.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దాయన మా ఓ.పి.కి వచ్చారు. వ్యవసాయ కూలీ. మడమ మీద మచ్చ చెప్పుకు ఒరుసుకుంటోందని, పూతమందు ఏదైనా ఇమ్మని అడిగారు. రూపాయి బిళ్లంత నల్లమచ్చ. ఒకవైపు అంచు సిరా ఒలికినట్టు పాకి ఉంది. డాక్టరుగారు చూసి క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాసి, పైన ‘అర్జెంటు’ అని గీత గీశారు. మేము చీటీ ఆయన చేతికిచ్చి, “రేపే వెళ్లండి” అన్నాం. ఆయన ఏమీ అడగలేదు. మేమూ ఏమీ అడగలేదు. ఆ వేళ ఓ.పి.లో జనం ఎక్కువ.

నాలుగు నెలల తర్వాత మచ్చ పుండై, రక్తం కారుతుంటే తిరిగి వచ్చారు. చీటీ నాలుగు మడతలు పెట్టి బైబిలులో దాచుకున్నారట. భార్యకు కూడా చెప్పలేదు. “ఎందుకు వెళ్లలేదు తాతా?” అని అడిగితే ఆయన అన్న మాట ఇది: “అర్జెంటని రాశారు కదా సిస్టరమ్మా. మా ఊళ్లో అర్జెంటుగా పంపిన వాళ్లెవరూ తిరిగి రాలేదు.”

అప్పటికి గజ్జల్లో బిళ్ల కూడా తగులుతోంది. ఆయనకు పెద్ద ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుని నడుస్తున్నారు, పరీక్షలకు క్రమంగా వస్తున్నారు. కాని ఆ నాలుగు నెలలు పోయాయి. ఆ తప్పు ఆయన ఒక్కరిదే అని మేము అనుకోము. చీటీ ఇచ్చాం గాని, దాని అర్థం చెప్పలేదు. ఆ రోజు నుండి చీటీ ఇచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడుతున్నాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాం.

‘అర్జెంటు’ అంటే ఏమిటి?

‘మీకు క్యాన్సర్ ఉంది’ అని కాదు. ‘లేదని తేల్చుకోవాలి, ఆ పని ఆలస్యం కాకూడదు’ అని. అనుమానించి పంపిన మచ్చల్లో మామూలు మచ్చలుగా తేలేవి చాలా ఉంటాయి. ఒకవేళ క్యాన్సర్ అయినా, తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ కనుకనే డాక్టరుగారు తొందరపెడతారు. ఆశ పోయినందుకు కాదు, ఆశ ఉన్నందుకే ఆ మాట రాస్తారు.

మనవాళ్లు పాదాలే ఎందుకు చూసుకోవాలి?

పుట్టుమచ్చలాగా కనిపించే క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. తెల్ల చర్మం ఉన్న దేశాల్లో ఇది ఎక్కువ, అక్కడ ఎండ ముఖ్య కారణం. మనవారిలో ఇది అరుదు. అయితే మనకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోటనే వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. ఎవరూ చూడని చోటు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది.

మన కుర్రవాళ్ల టీషర్టుల మీద కనిపించే గాయకుడు బాబ్ మార్లేకు వచ్చింది ఇదే. 1977లో ఆయన కాలి బొటనవేలి గోరు కింద మెలనోమా బయటపడింది. వేలు తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981లో, 36 ఏళ్లకే, చనిపోయారు.

ఏ మచ్చను చూపించాలి?

ఒంటి మీద మచ్చలు అందరికీ ఉంటాయి. చిన్నప్పటి నుండి ఒకేలా ఉన్న గుండ్రటి మచ్చకు భయపడనవసరం లేదు. ఇవి గమనించండి:

1. ఒక సగం ఇంకో సగంలా లేకపోవడం.
2. అంచు వంకరటింకరగా, పాకినట్టు ఉండడం.
3. ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, బూడిద రంగులు కలిసి ఉండడం.
4. పెన్సిలు వెనుక రబ్బరు కంటే, అంటే సుమారు 6 మి.మీ. కంటే పెద్దగా ఉండడం.
5. అన్నిటికంటే ముఖ్యం, మార్పు: పెరగడం, ఎత్తు కావడం, దురద, రక్తం.

గోరులో నల్లగీత మనవాళ్లలో చాలామందికి, చాలా గోళ్లలో ఉంటుంది. అది సాధారణం. ఒకే గోరులో కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, రంగు గోరు పక్క చర్మానికి కూడా పాకితే చూపించండి. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమైతే గోరు పెరిగే కొద్దీ ముందుకు జరుగుతుంది. కదలకుండా అక్కడే ఉంటే అనుమానించాలి.

నల్లగా లేని క్యాన్సర్లు కూడా ఉన్నాయి. పాత కాలిన మచ్చ మీద, లంగా బొందు గాని పంచె గాని బిగించి కట్టే చోట, నెలల తరబడి మానని పుండు ఉంటే అదీ చూపించండి.

చేయకూడనివి

సున్నం, సోడా కలిపి పెట్టడం, జీడిగింజ చమురు రాయడం, తలవెంట్రుకతో కట్టడం, బ్లేడుతో గీయడం, పార్లర్‌లోనో తెలిసినవారి దగ్గరో కాల్పించడం – ఇవేవీ చేయకండి. పైన మచ్చ పోయినట్టు కనిపిస్తుంది, లోపల మిగిలిపోవచ్చు. పైగా పరీక్షకు ముక్క ఉండదు. మచ్చను ఎక్కడ తీయించుకున్నా, తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపమని మీరే అడగండి.

‘కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అని భయపడి బయాప్సీ మానుకునేవారు ఎందరో. అది నిజం కాదు. పాకేది కత్తి వల్ల కాదు, కాలయాపన వల్ల.

అక్కడ ఏం జరుగుతుంది?

మొదట ఒళ్లంతా చూస్తారు. లైటు ఉన్న భూతద్దం వంటి పరికరంతో మచ్చను పరిశీలిస్తారు. గజ్జల్లో, చంకల్లో బిళ్లలున్నాయేమో తడిమి చూస్తారు. సిగ్గుపడకండి, ఆడవారు తోడుగా సిస్టరును ఉండమని అడగవచ్చు. తర్వాత మత్తు ఇంజక్షన్ చేసి మచ్చ మొత్తాన్ని గాని, పెద్దదైతే కొంత ముక్కను గాని తీస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. అరికాలి కుట్లు సుమారు రెండు వారాలు ఉంటాయి. ఆ కాలి మీద బరువు వేయకండి.

రిపోర్టులో మెలనోమా అని వస్తే, అది చర్మంలోకి ఎంత లోతు దిగిందో మిల్లీమీటర్లలో రాస్తారు. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే, చుట్టూ ఇంకాస్త చర్మం తీసేయడంతోనే ఎక్కువమందికి సరిపోతుంది. లోతు పెరిగే కొద్దీ బిళ్లల పరీక్ష, స్కానింగు, మందులు అవసరం కావచ్చు. మిల్లీమీటర్ల లెక్క కనుకనే నెలలు ఆగవద్దంటున్నాం.

రిపోర్టు వచ్చేవరకు

అసలు కష్టం ఈ రోజులదే. అరచేతి మచ్చతో మేము పంపిన ఒక టీచరమ్మ పది రోజులు నిద్రపోలేదు. రిపోర్టులో మామూలు పుట్టుమచ్చ అని వచ్చింది. “బడికి వెళ్లిన గంటలే నన్ను నిలబెట్టాయి సిస్టర్” అన్నారు. కనుక చేతనైన పని మానకండి. వేళకు తినండి. భయమేస్తే భయమేస్తోందని ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. పిల్లలకు కూడా వారి వయసుకు తగినట్టు చెప్పవచ్చు. ఏమీ చెప్పకపోతే వాళ్లు ఇంకా ఘోరంగా ఊహించుకుంటారు.

సంఘ కుటుంబాలకు ఒక మనవి. ‘ఫలానా ఆమెకు క్యాన్సరట’ అని రిపోర్టు రాకముందే ప్రార్థన కూటములో చెప్పకండి. ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే పేరు చెప్పండి. సాయం చేయాలనుంటే బస్టాండు దాకా తోడు వెళ్లండి, ఆ పూట ఆమె ఇంట్లో వంట చేయండి.

బయలుదేరే ముందు

చీటీ, పాత రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు సంచిలో పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కౌంటరులో ముందుగా విచారించండి. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోనులో ఫోటో తీసుకోండి, పెరిగిందో లేదో తెలుస్తుంది. వాడే మాత్రల చీటీ తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు, షుగరు మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. డాక్టరు మాట మీకు వినిపించకపోయినా తాము విని గుర్తుపెట్టుకోగల ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఈ రాత్రి చేయవలసిన పని

కాళ్లు కడుక్కున్నాక లైటు కింద కూర్చోండి. భార్య భర్త పాదాలు, భర్త భార్య పాదాలు, పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల పాదాలు చూడండి. వేళ్ల సందులు, గోళ్లు మరువకండి. అయిదు నిమిషాల పని. ఇలాగే నెలకొకసారి చూడండి.

ఏదైనా అనుమానం ఉంటే మా ఓ.పి.కి రండి. మా చీటీ ఇప్పటికే మీ పుస్తకంలో మడతపెట్టి ఉంటే, దాన్ని తీసుకుని రండి. ఎందుకు ఆలస్యమైందని మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. కూర్చోబెట్టి, అర్థమయ్యేలా చెప్పి, బస్సు ఎక్కించి పంపుతాం.