ఈమెయిలు ప్రోగ్రాము ఆగిపోయినచో

1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు, ప్రక్కప్రక్కన నున్న రెండు కంప్యూటర్ల నడుమ నెట్‌వర్కు ద్వారా జాబు పంపెను. నేటి ఈమెయిలునకు అదియే నాంది. ఈమెయిలు జాబులను చదువుటకును వ్రాయుటకును ఉపకరించు ప్రోగ్రాములలో థండర్‌బర్డ్ ఒకటి. దాని 1.0 రూపము 2004లో వెలువడెను.

ఇట్టి ప్రోగ్రామును మొదటిసారి తెరచినపుడు అది పేరు, ఈమెయిలు చిరునామా, పాస్‌వర్డు అడుగును. ఒక్కొక్కప్పుడు ఆ నడుమనే చటుక్కున మూతపడును. తమ జాబులన్నియు పోయినవని పలువురు కలవరపడుదురు. ఐమాప్ పద్ధతిలో ఆ భయమునకు తావు లేదు. జాబులు సర్వరునందే యుండును. కంప్యూటరులోనికి వచ్చునది వాని ప్రతి మాత్రమే.

కావున నిదానముగా కారణమును వెదకవలెను. మొదట కంప్యూటరును ఆపి మరల ప్రారంభింపవలెను. ఫలితము లేనిచో, విండోస్‌లో షిఫ్ట్ మీటను నొక్కిపట్టి థండర్‌బర్డ్‌ను తెరువవలెను. అప్పుడు తెరపై కనబడు పరీక్షా విధానమున ఆడ్-ఆన్లును, చిత్రములను వేగముగా చూపుటకు గ్రాఫిక్స్ కార్డు చేయు సాయమును నిలిచిపోవును. ప్రోగ్రాము ఇప్పుడు చక్కగా నడచినచో, దోషము వానిలో నున్నదని ఊహింపవచ్చును. అప్పటికిని మూతపడినచో, అమరికలను దాచు ప్రొఫైలు చెడి యుండవచ్చును. పాతదానిని చెరపక, క్రొత్త ప్రొఫైలును సృష్టించి చూడవలెను.

ఒక్కమారు ఒక్క మార్పే చేయవలెను. పలు మార్పులు కలిపి చేసినచో, ప్రోగ్రాము బాగుపడినను దోష మెక్కడ నుండెనో తెలియదు. తెలియని దోషము మరల వచ్చినపుడు వెదకులాట మొదటికి వచ్చును.